ఆదివారం రావలసిన బెలూను

"పేరు చెప్పు ముంధిర్. ఒక్క పేరు. అంతకంటే నాకేం వద్దు," అన్నాడు శుక్రీ.

ఆయన కదిలితే సోఫా మీద ప్లాస్టిక్ కవరు కిర్రుమంది. అతిథుల గది సోఫా అది. అమ్మాన్‌లో పరువున్న ప్రతి ఇంట్లోనూ ఇలాంటి గది ఒకటుంటుంది. ఇంటివాళ్లు దాంట్లో కూర్చోకూడదు. దుమ్ము కూడా ముందు కబురు పెట్టి రావాలి. వస్ఫియ్యా వదిన కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఈ గదిని తుడవడమే తప్ప ఇందులో నడుం వాల్చింది లేదు. బుధవారం సాయంత్రం మాత్రం ఆవిణ్ణి తెచ్చి ఇక్కడే పడుకోబెట్టారు. సోఫాలు పక్కకి జరిపారు గానీ కవర్లు తియ్యలేదు. తీసుంటే లేచి కేకలేసేదేమో. ఎవరికీ తట్టలేదు.

ఆవిడ గుండె నీరసపడింది. భుజం ఎముక కింద అగ్గిపెట్టెంత పరికరం పెట్టి, దాని వైర్లు నరాల్లోంచి గుండెకి దింపితే మళ్లీ మెట్లెక్కుతుందన్నారు. బుధవారం ఆసుపత్రి బల్ల మీద పడుకుంది, మరి లేవలేదు. కొడుకు హాతిం అక్కడికక్కడే, ఆ గదిలోంచి వచ్చిన కుర్ర డాక్టర్ సుహైల్ చొక్కా పట్టుకున్నాడు. పోలీసులు సుహైల్‌ని 'నీ మంచికే' అని లాకప్‌లో పెట్టారు. చీకటి పడేలోగా అతని అమ్మానాన్నా అన్నదమ్ములూ ఇళ్లకి తాళాలేసి వేరే ఊరు పోయారు. మా దగ్గర పద్ధతి అంతే, చంపినవాడి మనుషులు పోయినవాళ్ల వీధిలో కనపడకూడదు. పెద్దలు మధ్యలో పడి కొంత గడువు ఇప్పించారు. ఆ గడువు ఈ ఆదివారం సాయంత్రపు అసర్ నమాజుతో సరి. నమాజు కాగానే సుహైల్ తరఫున జాహా వస్తుంది, అంటే రాజీ అడగడానికొచ్చే పెద్దమనుషుల గుంపు, ఈ గదిలోకే. 'మీవాడే చంపాడు' అని శుక్రీ ఒక్క మాటంటే ఆ కుర్రాడు జైలుకి పోతాడు, వాళ్లవాళ్లు ఇక సొంత వీధి మొహం చూడరు.

"అందరూ సుహైలే అంటున్నారుగా అన్నా," అన్నాను.

"అంటున్నారు. భూముల ఆఫీసులో ఉన్నన్నాళ్లూ చూడకుండా ఒక్క కాగితం మీద సంతకం పెట్టలేదు నేను. మా ఆవిడ చావు మీద పెడతానా?"

నిజమే. శుక్రీ ఎవరి సిఫార్సూ వినలేదు, ఎవరికీ సిఫార్సు అడగలేదు. మా ఊళ్లో ఇది జబ్బు కింద లెక్క. మిగతా అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. కుళాయి కారితే మంత్రిగారి బావమరిదికి ఫోను చేస్తాం. హాతిం ఇంజినీరింగు చదివి ఏసీలు అమ్ముకుంటున్నాడంటే, వాళ్ల నాన్న ఆరోగ్యం బాగోకే.

చెప్పులేసుకుంటుంటే హాతిం గుమ్మం దాకా వచ్చాడు. మూడు రోజులుగా గెడ్డం గీసుకోలేదు.

"పేరు దొరగ్గానే నాకు చెప్పండి బాబాయ్. నాన్నకి కాదు, నాకు."

పోలీసుద్యోగంలోంచి దిగిపోయాక ఇలా ప్రైవేటు కేసులు చూస్తున్నాను. ఇంతవరకూ ఏ కేసులోనూ ఒకే పేరు కోసం ఇంట్లో ఇద్దరు వరస కట్టలేదు.

*

మర్నాడు ఆసుపత్రికెళ్లాను. గుండె నరాల్లోకి గొట్టాలు పంపే గది, క్యాత్ ల్యాబ్, తలుపుకి పోలీసు సీలుంది. సీలుకి జిగురు లేదు. వేలు తగిలిస్తే ఊడొచ్చింది.

హెడ్ సిస్టర్ ఇఫ్తికార్ నా వెనకే లోపలికొచ్చి, చేతులు కట్టుకుని గోడకానుకుంది. యాభై దాటిన మనిషి, తెల్లటి హిజాబు, ఏడ్చి ఉబ్బిన కళ్లు.

"బుధవారం ఇక్కడ ఎవరెవరున్నారు సిస్టర్?"

"డాక్టర్ సుహైల్, నేను."

"ఇంకా?"

"ఎక్స్‌రే మిషను."

"దాన్ని తర్వాత అడుగుతాను. దానికి సంఘం లేదు, తొందరగా నిజం చెప్పేస్తుంది."

ఆవిడ నవ్వలేదు. నా జోకులకి అలవాటు పడని సాక్షుల్లో తప్పు చేసినవాళ్లే ఎక్కువ. నవ్వినవాళ్లలో కూడా వాళ్లే ఎక్కువనుకోండి.

బల్ల పక్కన ట్రే అలాగే ఉంది. అందులో సన్నటి గొట్టం, చివర నీరసంగా వాలిపోయిన బఠాణీ గింజంత రబ్బరు తిత్తి. పక్కన సిరంజి.

"దీంతో ఏం చేస్తారు?"

"అది బెలూను క్యాథెటర్ అన్నా. గుండె వెనకాల ఒక నరం ఉంటుంది. పరికరం తాలూకు వైరు దాని కొమ్మల్లోకి వెళ్లాలి. కొమ్మలెక్కడున్నాయో ముందు కనపడాలిగా? ఈ గొట్టాన్ని భుజం దగ్గర నరంలోంచి అక్కడిదాకా పంపి బెలూను ఉబ్బిస్తాం. రక్తం కాసేపు ఆగుతుంది. అప్పుడు రంగు మందు ఎక్కిస్తే నరం కొమ్మలతో సహా తెర మీద కనపడుతుంది. బెలూను దించేసి, అదే దారిలో వైరు పంపిస్తాం."

"ఎంత ఉబ్బిస్తారు?"

"కొంచెం."

"కొంచెం అనేది మా ఆవిడ ఉప్పు లెక్క. ఎక్కువైతే?"

ఆవిడ గోడకేసి చూసింది. "నరం చిరుగుతుంది. రక్తం గుండె చుట్టూ ఉన్న సంచిలో చేరుతుంది. గుండెకి కొట్టుకునే చోటుండదు."

వస్ఫియ్యా వదిన అలాగే పోయింది. రిపోర్టులో ఆ మాటకి ఒక పొడుగాటి పేరుంది, చదివితే ఎవరూ చంపినట్టు ఉండదు.

గొట్టం పిడి దగ్గర ఎర్రటి చుక్కలు మూడు. వంగి చూశాను.

"ఇవేంటి?"

"ఏవో మరకలు."

"మూడూ ఒకే సైజు, ఒకే వరస. చాలా క్రమశిక్షణ గల మరకలు. ఇందాక బయట తెరిచున్న మీ బల్ల సొరుగులో గోళ్ల రంగు సీసా కనపడింది సిస్టర్, ఇదే ఎరుపు. మీ గోళ్లకి రంగు లేదు. అయిదు పూటలూ నమాజుకి ముందు చేతులు కడుక్కుని వుజూ చేసుకునే మనిషి, నీళ్లు అంటనివ్వని రంగు గోళ్లకెందుకు వేసుకుంటుంది? మరి ఆ సీసా ఎవరికి?"

ఆవిడ గోడకి జారి స్టూలు మీద కూలబడింది.

"ఒక్కసారి వాడి పారెయ్యాల్సినవి అన్నా ఇవి. కొత్తవి ఎప్పుడొస్తాయో తెలీదు. బయట బెంచీ మీద ఊపిరాడక కూర్చున్నవాళ్లకి పారేశామని చెప్పనా? కడుగుతాను, గ్యాసులో పెట్టి శుద్ధి చేయిస్తాను, మళ్లీ వాడతాం. కడిగినప్పుడల్లా ఒక చుక్క. మూడు చుక్కలైతే పక్కన పెట్టెయ్యాలి. అది నేను పెట్టుకున్న రూలు."

"దీనికి మూడున్నాయి."

"పక్కన పెట్టిందే ఇది. బుధవారానికి ఇంకోటి లేదు."

సిరంజి తీసుకున్నాను. పదహారేళ్లుగా పొట్టలో ఇన్సులిన్ పొడుచుకునేవాణ్ణి, సిరంజిలు నాకు చుట్టాలకింద లెక్క. ఇది ఏ మందుల షాపులోనైనా దొరికే మామూలు రకం.

"ఇది బెలూనుతో వచ్చిందేనా?"

తల అడ్డంగా ఊపింది. "కొత్త డబ్బాలో వచ్చే సిరంజి వేరు. కొంతవరకే లాగనిస్తుంది. ఎంత బలమున్నా ఆపైన రాదు. గాలి ఎక్కువ పోకూడదని అలా చేస్తారు. అది గ్యాసు వేడికి వంగిపోతుంది, మొదటిసారికే పారేస్తాం."

నేను సిరంజి పిడి వెనక్కి లాగాను. వచ్చింది. ఇంకా లాగాను. ఇంకా వచ్చింది. ఎక్కడా ఆగలేదు. చివరికి ఊడి చేతిలోకొచ్చింది.

"ఇది నొక్కింది సుహైలా?"

"కాదు." ఆ మాట కోసం నాలుగు రోజులు ఎదురుచూస్తున్నట్టుగా అంది. "సుహైల్ బాబు పక్కన నిలబడ్డాడంతే. నొక్కింది ప్రొఫెసర్ రుష్దీ. ఈ తల్లి నరం సన్నం సార్, చిన్న సైజు బెలూను ఆదివారం వస్తోంది సార్ అని నేనూ చెప్పాను, బాబూ చెప్పాడు. 'సుహైల్ పాలు తాగుతున్నప్పటి నుంచీ చేస్తున్నానివి' అన్నాడాయన. పాత రబ్బరు కదా, సరిగా ఉబ్బలేదు. ఆయనకి తెర మీద బొమ్మ రావాలి. ఇంకొంచెం నొక్కాడు. ఇంకొంచెం."

"ఆదివారం ఏదో వస్తోందన్నారు. ఈ రోజే ఆదివారం."

లేచి వెనక స్టోరులోకి తీసుకెళ్లింది. అట్టపెట్టెలు పొద్దున్నే దిగాయి, ఇంకా టేపులు కూడా విప్పలేదు. ఒకటి మాత్రం తెరిచి ఉంది. అందులోంచి చిన్న డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. సీలు తియ్యని కొత్త బెలూను, సన్న రకం. మూత మీద ఎవరో మార్కరు పెన్నుతో గుండ్రటి అక్షరాల్లో రాశారు, పెద్దావిణ్ణి గౌరవంగా పిలిచినట్టు, 'హజ్జా వస్ఫియ్యా' అని.

"ఆవిడకోసమని సుహైల్ బాబు కంపెనీవాడి వెంటపడి తెప్పించాడు. ఇక్కడికి రాకముందే వాళ్ల గోదాముకెళ్లి పేరు రాసొచ్చాడు, దారిలో ఎవరూ కొట్టెయ్యకుండా. ఇంకెవరికైనా పనికొస్తుందని పొద్దున్నుంచీ స్పిరిట్‌తో ఆ పేరు తుడుద్దామని చూస్తున్నా." ఆవిడ మూత మీది అక్షరాన్ని వేలితో రుద్దింది. "దూది తడుపుతున్నా, ఆరిపోతోంది. మళ్లీ తడుపుతున్నా."

డబ్బా తేలిగ్గా ఉంది. ఒక గుండె బరువుకి ఏ మాత్రం సరిపోదు.

"ఆదివారం అనుకున్నది బుధవారం ఎందుకు చేశారు?"

"మంగళవారం ఆసుపత్రి డైరెక్టర్ గారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. రేపే చెయ్యాలి, ప్రొఫెసర్ గారి చేత్తోనే చెయ్యాలి అని. పోలీసుల్లో ఎవరో పెద్దాయన చెప్పాట్ట."

*

"సీలు తెంపినందుకు లోపలెయ్యొచ్చు బాబాయ్," అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

పోలీసు మేజర్ ఫవాజ్. నా దగ్గరే పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నదంతా నా మీదే వాడతాడు, వేరే ఎవరి మీదా వేస్టు చెయ్యడు.

"నేను తెంపలేదురా. మీవాళ్లు ఉమ్మి పెట్టి అంటించినట్టున్నారు."

"ఏం దొరికింది?"

"మూడు చుక్కలు, ఒక సిరంజి, ఒక ప్రొఫెసరు. నీ ఫైల్లో మూడూ లేవు."

"ప్రొఫెసర్ గారు ఇస్తాంబుల్‌లో ఉన్నారు, ఈ రాత్రికి వస్తారు. ఏదో సభ."

"దేని మీద?"

"రోగుల భద్రత."

ఇద్దరం నవ్వలేదు. సిస్టర్ మా మొహాలు చూసి మెల్లగా బయటికి జారుకుంది.

"డైరెక్టర్‌కి పోలీసుల నుంచి ఫోనెళ్లింది. ఎవరు చేశారు ఫవాజ్?"

"నేనే."

ఇంత తొందరగా ఒప్పుకుంటాడనుకోలేదు. అరవడానికి సిద్ధం చేసుకున్న గొంతు నా దగ్గరే ఉండిపోయింది. అది పోలీసులకి చాలా అవమానం.

"నీ ఫోను దాచుకోడానికి ఆ కుర్రాణ్ణి బలిస్తున్నావా? వాళ్లమ్మ ఏ చుట్టాలింట్లో నేల మీద పడుకుందో తెలుసా నీకు?"

"చేసినవాణ్ణి అడిగావు. చేయించినవాణ్ణి అడగవేం?"

తలుపు దగ్గరికేశాడు. టోపీ తీసి అట్టపెట్టె మీద పెట్టాడు. టోపీ లేకపోతే అతను ఇంకా నా కింద చేరిన కొత్తలో ఉన్న ఫవాజ్‌లాగే ఉంటాడు.

"నేనుండేది శుక్రీ గారి పై అంతస్తులో. తెలుసుగా? మంగళవారం పొద్దున డ్యూటీకి దిగుతుంటే మెట్ల మీద నిలబడున్నాడు. ఎంతసేపటి నుంచో మరి. టై కట్టుకున్నాడు బాబాయ్. పై ఇంటివాడితో మాట్లాడ్డానికి టై. నోరు పెగల్లేదు. ఎండ గురించి మాట్లాడాడు, నీళ్ల ట్యాంకు గురించి మాట్లాడాడు. ఆఖరికి 'ఇలాంటివి ఎలా అడుగుతారు ఫవాజ్?' అన్నాడు. ఎలా అడగాలో నేనే చెప్పాను. నేను చెప్పిన మాటలే తిరిగి నాతో అన్నాడు. వెంటనే, అక్కడే, మెట్ల మీదే ఫోను చేశాను. నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకోబోయాడు."

నా చేతిలో డబ్బా ఇంకా ఉంది. పేరు పైకి కనపడుతోంది. తిప్పి పట్టుకున్నాను.

"ఆయనకి తెలీదా?"

"ఆ ఫోనుకీ ఈ చావుకీ లంకె ఉందని తెలీదు. నిన్న కూడా నాకు థాంక్స్ చెప్పాడు. 'నువ్వు చెయ్యగలిగింది చేశావు నాయనా' అన్నాడు. ఇప్పుడు నువ్వు చెప్పు, ఏ పేరిస్తావు? ప్రొఫెసర్ పేరిస్తే కేసు ఆయన చేతికి ఎలా వచ్చిందని అడుగుతారు. అడిగితే నా పేరు. నా పేరొస్తే శుక్రీ గారి పేరు. సుహైల్ కుర్రాడు. డాక్టర్ల సంఘముంది, లాయర్లున్నారు. ఏడాదిలో బయటపడతాడు. ముసలాయన ఈ మాట విన్నాక ఏడాది ఉంటాడా?"

"సుహైల్ వాళ్లిల్లు?"

"ఇంకోచోట కొనుక్కుంటారు. జనం ఇళ్లు మారట్లేదా?"

"నీ పేరు కూడా బయటికి రాదు."

"అదీ ఉంది. లేదన్నానా?"

వాణ్ణి తిట్టడానికి ఒక మాట వెతికాను. వెతికేకొద్దీ వాడన్నదాంట్లో సగం నిజమే దొరుకుతోంది. చెడ్డవాళ్లు పూర్తిగా చెడ్డగా ఉంటే మా వృత్తిలో తొందరగా ఇంటికెళ్లొచ్చు.

*

శుక్రీ వంటింట్లో ఉన్నాడు. జాహా కోసం అతిథుల గదిలో కుర్చీలు వేస్తున్నారు. ఈయన మాత్రం నూనెలో నానేసిన వంకాయల సీసా ముందు పెట్టుకుని, మూత రాక కూర్చున్నాడు. వదిన బిగించిన మూత.

నేను సగం చెప్పాను. కడిగిన బెలూను, మామూలు సిరంజి, ఈ రాత్రి ఇస్తాంబుల్ నుంచి రావలసిన ప్రొఫెసర్ రుష్దీ. సుహైల్ ముట్టుకోలేదని గట్టిగా చెప్పాను. అక్కడితో ఆపేశాను. ఆపినచోటు బాగానే ఉందనుకున్నాను. కానీ ఎదురుగా కూర్చున్నది జీవితమంతా సగం కాగితాలు తెచ్చినవాళ్లని చూసిన మనిషి.

"ఆ కుర్రాడు నాకు ఆదివారం అన్నాడు," అన్నాడు శుక్రీ. "ఆదివారం ఎందుకన్నాడు?"

"డాక్టర్లకి సవాలక్ష ఉంటాయన్నా."

"ముంధిర్."

"చిన్న బెలూను తెప్పిస్తున్నాడు. వదిన నరం సన్నమని."

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఎప్పుడు?"

నేను సీసా కేసి చూశాను.

"ఎప్పుడొచ్చింది ముంధిర్?"

"ఈ రోజు పొద్దున."

ఆయన మొహంలో ఏమీ మారలేదు. చేతులు మాత్రం సీసా మీద నుంచి జారి ఒళ్లో పడ్డాయి. పక్కగదిలో ఎవరో కుర్చీ ఈడ్చిన చప్పుడు.

"ఫోన్లో చెప్పాడు నాకు," అన్నాడు. "'ఆదివారం దాకా ఆగండి బాబాయ్, ఆమెకి తగ్గది వస్తోంది' అన్నాడు. నేను నమ్మలేదు. మన ఊళ్లో ఆదివారం రమ్మంటే ఎవర్నైనా పట్టుకుని రమ్మని కదా. నేను..." ఊపిరి తీసుకున్నాడు. "భూముల ఆఫీసులో నేనూ జనానికి చెప్పేవాణ్ణి, ఆదివారం రండి, పని అవుతుంది అని. నిజంగానే ఆదివారానికి అయ్యేది. ఒక్కడు నమ్మేవాడు కాదు. వెళ్లి ఎవడో పెద్దవాడి చేత ఫోను చేయించేవారు. వాళ్లని చూసి జాలిపడేవాణ్ణి ముంధిర్. జన్మలో ఒక్కడు నాకు నిజం చెప్తే..."

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలీదు. సీసా తీసుకుని మూత తిప్పాను. నాకూ రాలేదు.

*

అసర్ కాగానే జాహా వచ్చింది. పెద్దమనుషులు గోడవార సోఫాల్లో సర్దుకున్నారు. కవర్లు అందరి కిందా ఒకేసారి కిర్రుమన్నాయి. ఇంటి తరఫున ఎదురుగా శుక్రీ, పక్కన హాతిం నిలబడి. ఫవాజ్ కాఫీ కూజా పట్టుకుని తిరిగాడు. పై ఇంటివాడు కదా, పొయ్యడం అతని మర్యాద.

జాహా పెద్ద కప్పు అందుకుని, తాగకుండా ముందున్న బల్ల మీద పెట్టాడు. మిగతావాళ్లూ పెట్టేశారు. అడగొచ్చింది దక్కేదాకా తాగరు.

"హాతిం నాన్నా," అన్నాడు పెద్ద శుక్రీతో, "సుహైల్ మా బిడ్డ. నువ్వేమంటే అదే. అతనిది తప్పంటే తలొంచుకుంటాం."

"కాఫీ తాగండి," అన్నాడు శుక్రీ. "మీరడగొచ్చింది మీకిచ్చాను. మీ బిడ్డ తప్పేం లేదు. ఈ రాత్రికే వాళ్లమ్మానాన్నా ఇంటికి రావాలి. తాళం నేనే వెళ్లి తీస్తాను."

గదిలో కలకలం. హాతిం తండ్రి కేసి తిరిగాడు. "నాన్నా! మరి ఎవరు?"

శుక్రీ లేచాడు. ఇంటి యజమాని కుర్చీ వదిలి, గది దాటి, అడగొచ్చినవాళ్ల సోఫాలో చివర కూర్చున్నాడు. ఫవాజ్ చేతిలోంచి కప్పు తీసుకున్నాడు. తాగలేదు, బల్ల మీద పెట్టాడు.

"హాతిం," అన్నాడు, "ఇప్పుడు నేను నీ దగ్గరికొచ్చాను."

ఆయన చెప్పాడు. ఏదీ దాచలేదు. బెలూనుని ప్రొఫెసర్ రుష్దీ ఉబ్బించాడనీ, ఆయన ఈ రాత్రికి ఇస్తాంబుల్ నుంచి వస్తున్నాడనీ అన్నాడు. సుహైల్ ఆగమన్నాడనీ, తను ఆగలేదనీ చెప్పాడు. మెట్లు, టై కూడా చెప్పాడు. ఫోను ఎవరు చేశారో పేరు చెప్పలేదు. "చేయించింది నేను," అన్నాడు. పేరు చెప్పాల్సిన పని లేకుండా కూజా ఒకటి గది మధ్యలో వణికింది.

హాతిం గోడ పట్టుకున్నాడు.

"అమ్మకి తెలుసా?"

"తెలుసు." శుక్రీ బల్ల మీది కప్పుని కొంచెం ముందుకు జరిపాడు. "మంగళవారమంతా అదే చెప్పుకుంది. మీ పిన్నికి, ఎదురింటి వాళ్లకి, కూరలవాడికి. 'మా ఆయన నాకోసం అడిగాడే, ఇన్నాళ్లకి నాకోసం ఒకణ్ణి అడిగాడు' అని. బుధవారం ఆ బల్ల ఎక్కేటప్పుడు కూడా నర్సుతో అదే చెప్తోంది."

ఎవరూ కప్పులు ముట్టుకోలేదు. జాహా పెద్ద మోకాలి మీద చెయ్యి పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. నేను చూసినన్ని గదుల్లో ఇంతమంది మగాళ్లు ఇంత నిశ్శబ్దంగా ఏడవడం ఎప్పుడూ చూళ్లేదు.

హాతిం వచ్చి తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. బల్ల మీది కప్పు తీసి ఆయన చేతుల్లో పెట్టి, ఆ చేతుల్ని తన చేతుల్తో కప్పాడు.

"తాగు నాన్నా. నువ్వడిగింది ఇచ్చాను."

శుక్రీ తాగాడు. సగం చొక్కా మీద పడింది.

హాతిం లేచాడు, మొహం తుడుచుకున్నాడు. గుమ్మం పక్కన మేకుకి వేలాడుతున్న కారు తాళాలు తీసుకున్నాడు. ఫవాజ్ ముందు ఆగి, చాలా మర్యాదగా అడిగాడు.

"అన్నా, ఇస్తాంబుల్ విమానం ఎన్నింటికి దిగుతుంది?"